నీలం అంటిన చోట

కోవూరులో ఆడని రైసుమిల్లు.
ఊక పోయి పదేళ్ళయినా
వాన పడితే గోడల్లోంచి లేస్తుంది దాని వాసన.
లోపల పదకొండు నూనె ఇంజన్లు,
ఒక లేతు మిషను, ఒక కొలిమి.
తలుపు మీద సుద్దతో:
“యంత్రాల మ్యూజియం. చెప్పులు విడవబాకండి.”

రాసింది ఖాదర్ మస్తాన్, రిటైరైన ఫిట్టరు.
టికెట్టు లేదు. చూసి పోయేవాళ్ళంటే గిట్టదు.
“చూసేదానికేముండాది? గుడ్డ తీసుకో, తుడువు.”

పందొమ్మిదేళ్ళుగా ఎనిమిదో తరగతికి
ఘర్షణ పాఠం చెప్తున్నాను.
నిర్వచనం, రకాలు, లాభాలు, నష్టాలు,
ఐదు మార్కుల ప్రశ్న.
ఒక్క బోల్టు విప్పి ఎరగను.

మూడు ఆదివారాలు కిరసనాయిలూ గుడ్డపీలికలూ.
నాలుగో వారం ఆకురాయి ఇచ్చాడు.
తోసేటప్పుడే కోస్తుంది,
వెనక్కి వచ్చేటప్పుడు తేలిగ్గా రావాలి.
“రుద్దబాక టీచరమ్మా, అవి అంట్లు గాదు.”

తర్వాత బేరింగు.
షాఫ్టుకి పలచగా నీలంరంగు పూసి,
చిప్ప మూసి, ఒక చుట్టు తిప్పి, తెరిస్తే
మిట్ట ఉన్న చోట నీలం అంటుకుంటుంది.
అక్కడ గీకాలి. అక్కడే.
వెంట్రుకంత కూడా కాదు, వెంట్రుక నీడంత.
మళ్ళీ పూయడం, మూయడం, తెరవడం.
పొద్దున మూడు మచ్చలు,
పొద్దుగూకేసరికి ముప్పై.
మచ్చలు పెరిగేకొద్దీ పని కుదిరినట్టట!
నేను చెప్పే పాఠంలో ఈ ముక్క లేదు.

పిస్టను రింగు విరిచింది నేనే.
గాడిలోకి ఎక్కిస్తూ పిసరంత ఎక్కువ చాచాను.
ఠప్.
ఆ ఇంజనుకి ఉన్నవి మూడే రింగులు.
ఆయన ఏమీ అనలేదు. మధ్యాహ్నం నమాజుకి పోయి
వచ్చి రెండు ముక్కలూ నా అరచేతిలో పెట్టాడు.
“పోత ఇనుము వొంగదమ్మా.
ఇరిగేదాకా గమ్మునుంటాది.”

తుక్కులోంచి పాత లైనరు ముక్క ఏరి
లేతుకి బిగించాడు. హ్యాండిలు నాకిచ్చాడు.
ఉక్కయితే చుట్టలు తిరుగుతూ వస్తుందట,
ఇది మిరియాలపొడిలా రాలింది.
తుమ్మితే చేతిరుమాలు నల్లన.
ఆరు వారాలు.
నాలుగు రింగులు చెడ్డాయి, ఐదోది నిలిచింది.
“కొసలు రెండూ ఆనించబాక.
కాకకి పెరగతాది. దానికి చోటు పెట్టు.”

బ్లోలాంపుతో బుర్ర ఎర్రబడేదాకా కాచి
ఇద్దరం చక్రం ఊపాం.
ఒకసారి. రెండుసార్లు. భుజం పట్టేసింది.
మూడోసారి ఒక దగ్గు,
నల్లటి పొగ,
తర్వాత
డుబ్బు... డుబ్బు... డుబ్బు.
రేకులు అదిరాయి, పావురాలు లేచిపోయాయి.

రోడ్డవతల పూలమ్ముకునే చెంగమ్మ
ఇదే మిల్లులో తవుడు చెరిగిన మనిషి,
బుట్ట చంకన పెట్టుకుని పరుగున వచ్చింది.
“మిల్లు ఆడతండాదా?”
“ఇంజనే ఆడతండాది.”
“వొడ్లు?”
మస్తాన్ గారు తల అడ్డంగా ఊపాడు.
ఆమె కాసేపు నిలబడి
వేడి రేడియేటరు మీద రెండు మూరల కనకాంబరాలు వేసి
డబ్బులడక్కుండా పోయింది.

సోమవారం ‘ఘర్షణ’ అని బోర్డు మీద రాశాను.
గోళ్ళ సందుల్లో నలుపు, బొటనవేలిమీద నీలం.
నిర్వచనం చెప్పలేదు.
విరిగిన రింగు ముక్కలు రెండూ మొదటి బెంచీకిచ్చి
చేతులు మార్చమన్నాను.
గంట కొట్టేసరికి చివరి బెంచీ దాకా పోయి
ఒకటే తిరిగొచ్చింది.

రెండోది ఎవరి జేబులో ఉందో
అడగలేదు.