కోతలు

నెలాఖరున పే స్లిప్పులో
ఆ వరుస దగ్గరే ఆగుతుంది నా వేలు.
ఆరోగ్య బీమా: నిరుడు మూడొందల ఇరవై,
ఈ జూన్ నుంచి ఐదొందల డెబ్బై.
ఎంత శాతం పెరిగిందో తేల్చమని
ఏడో తరగతికి లెక్కగా ఇచ్చాను.
"డెబ్బై ఎనిమిది దాటింది టీచర్!"
అందరికన్నా ముందు సుగంధి చెయ్యెత్తింది.
లెక్క తప్పైతే బాగుండునని చూశాను.
తప్పు కాదు.

కొరుక్కుపేట కార్పొరేషన్ బడి, తెలుగు మీడియం.
కిటికీ అవతల గూడ్సు బండి పోతున్నంతసేపూ
దానికన్నా గట్టిగా చెప్పాలి కసాగు.
పంతొమ్మిదేళ్లు చెప్పాను.
గొంతులో రెండు గింజలు మొలిచాయి,
కందిగింజలంత, అన్నాడు డాక్టరు,
కోసి తీసెయ్యాలి, అన్నాడు.

వడపళని ఆసుపత్రి కౌంటర్లో కార్డు ముందుకు తోశాను.
ఆ అమ్మాయి అరవంలో ఎంతో మర్యాదగా చెప్పింది
గుండెకి ఉందట, మోకాలికి ఉందట,
గొంతు మాత్రం జాబితాలో లేదట.
ఫారంలో ఒక గడి ఖాళీగా ఉందని
"మీరేం పని చేస్తారు మేడమ్?" అంది.
బొంగురుగా చెప్పాను.
రెండోసారీ చెప్పాల్సొచ్చింది.

స్టాఫ్ రూంలో సమోసాలు పంచి
"పైసా కట్టక్కర్లేదు, కార్డు చూపిస్తే చాలు" అని
కోతలు కోసిపోయిన పెద్దమనిషి
ఇప్పుడు ఫోనెత్తడు.

నాగూరమ్మకి చెప్పుకున్నాను,
వరండాలు ఊడ్చే నాగూరమ్మకి.
పదకొండేళ్లుగా కాంట్రాక్టు.
చీపురు ఆనించి నా స్లిప్పు తీసుకుంది,
తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.
"కోసేదానికన్నా ఒగ గీత ఉండాది గదమ్మా నీకు" అంది.
దాని మోకాలి చుట్టూ పాత చీర అంచు.
మర్నాడు ఫ్లాస్కులో వామాకు కషాయం తెచ్చింది.
ఎంతయిందని అడగబోయి
సిగ్గేసి మానేశాను.

ఇప్పుడు నేను గుసగుసగా చెబుతాను.
వెనక బెంచీలు ముందుకొచ్చాయి.
బండి వస్తే సుద్దముక్క బల్లమీద పెడతాను,
పిల్లలు పెట్టెలు లెక్కపెడతారు,
నిన్న యాభై ఎనిమిది.

నిన్ననే, ముప్పయ్యో పెట్టె దగ్గర
సుగంధి లేచి నిలబడి
నాలాగే నడుం మీద చెయ్యేసుకుని
నాకు ఒకప్పుడుండిన గొంతుతో
కసాగు అందుకుంది.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
తర్వాత దాని భుజం నొక్కి కూర్చోబెట్టాను.

అంత గట్టిగా వద్దే తల్లీ,
బండిని పోనీ.