పోటు వేళలు

మార్చి నెల. కిటికీ అవతల ఇంకా నడుములోతు మంచు.
వంటింటి బల్ల మీద అకాడియా మ్యాపు పరిచి
మూలలు లేవకుండా బరువులు పెట్టాం:
ఉప్పు డబ్బా, ఓడిల్ లెక్కల పుస్తకం,
తడిసిన ఊలు తొడుగొకటి,
నాన్న మందుల సీసా.

ఆగస్టులో నాకు ఐదు రోజులు సెలవు.
ఆస్పత్రి లాండ్రీలో మార్గరీట్‌ బదులు
రెండు క్రిస్మస్ రాత్రులు దుప్పట్లు ఉతికి సంపాదించుకున్నవి.

లూసియెన్ కాగితం మధ్యలో నిలువు గీత గీశాడు.
అటు ఖర్చు, ఇటు మా దగ్గరున్నది.
పెట్రోలు. గుడారం చోటు, నాలుగు రాత్రులు.
పార్కు గేటు దగ్గర కారుకింతని.
లాబ్‌స్టర్ ఒక్క పూటే.
'ఒక్క' కింద రెండు గీతలు కొట్టాడు.

రాళ్ళు నిజంగా గులాబీ రంగేనా అని రెమీ.
ఫోను పలుకుతుందా అని ఓడిల్.
పొయ్యి పక్కన కుర్చీలోంచి నాన్న:
"నలభై రెండేళ్ళు
ఆ రాళ్ళకి తగలకుండా పడవ నడపడమే నా పని.
మీరు డబ్బులిచ్చి మరీ వాటి మీదకెళ్తారా?"

ఎవరం మాట్లాడలేదు.
పడవ అమ్మేసి మూడేళ్ళు.
సముద్రం మా ఊరికి రెండు గంటల దారి,
ఆయన ఒక్కసారీ అటు తీసుకెళ్ళమనలేదు.

సరిగ్గా పదింటికి బుకింగ్ తెరిచారు.
మంగలంలో పేలాల్లా
టపటపా ఎగిరిపోయాయి మంచి చోట్లన్నీ.
మాకు మిగిలింది మరుగుదొడ్ల పక్కది.
"పోనీలే, రాత్రిపూట మామయ్యకి దగ్గర" అన్నాడు లూసియెన్,
ఆయన వస్తారో రారో
ఎవరమూ అడగందే.

ఆ మాట ఆయన విన్నట్టు లేదు.
కర్ర పట్టుకుని లేచి వచ్చి
నేను రాసుకున్న పట్టిక మీదకి వంగాడు.
'బుధవారం మూడింటికి: ఇసుక దారిన చిన్న దీవికి నడక.'
"మూడింటికి అక్కడ దారుండదు.
నీ కారు మునిగేటంత నీళ్ళుంటాయి."

చంద్రుడి తిథి చూసి చెప్పమన్నాడు.
పెదాలు కదుపుతూ కణుపుల మీద లెక్కపెట్టాడు.
"సముద్రం రోజుకి యాభై నిమిషాలు ఆలస్యం చేస్తుంది,
తాగొచ్చే మొగుడిలాగ.
కానీ ఇల్లు మర్చిపోదు."
నా మూడు కొట్టేసి తొమ్మిదీ నలభై వేశాడు.
"దానికి గంటన్నర ముందు, గంటన్నర వెనక. అంతే."
ఓడిల్ ఫోనులో వెతికి చూసింది.
తొమ్మిదీ ముప్పయ్యెనిమిది.

"నువ్వు రెండు నిమిషాలు తప్పావు తాతా."
"ఫోనేమో" అన్నాడు,
తుంటి నొక్కుకుంటూ.
"దానికి రోజుకి రెండే పోట్లు.
దీనికి లెక్కే లేదు."

కూర్చోలేదు మరి. పెన్సిల్ కూడా వదల్లేదు.
తూర్పు ఒడ్డున, ఏ నడకబాటా లేని ఒక బండ దగ్గర
ఇంటూ గుర్తు పెట్టాడు.
"గురువారం పొద్దున్న నన్నిక్కడ దింపండి."

ఏముందక్కడ, నాన్నా?

"ఏముంటుంది? రాయి."
కాసేపాగి,
"ఎండాకాలం ఆ రాయి మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు.
రొట్టెలు తింటూ, టోపీలెట్టుకుని.
పిల్లలు నాకేసి చేతులూపేవాళ్ళు.
నా రెండు చేతుల్లోనూ ఎప్పుడూ తాడే.
ఒక్కరికీ తిరిగి ఊపలేదు."

ఈసారి నేను ఊపుతానన్నాడు,
పడవలు పోతుంటే.

"వాళ్ళు నీకు తిరిగి ఊపుతారా?" రెమీ అడిగాడు.
"ఊపరు."

సీసా తీసి మాత్ర వేసుకున్నాడు.
బరువు పోయిన మూల
చుట్టుకుంటూ వచ్చి బండని కప్పేసింది.
లూసియెన్ దాన్ని అరచేత్తో సర్దిపెట్టి
ఖర్చు వైపు ఇంకో వరస రాశాడు:
మడత కుర్చీ, ఒకటి.
ఎదురుగా అంకె వెయ్యలేదు.