గీతలరిగిన వేలు

మంగళారం పొద్దుగాల
గీసుగొండ మిల్లు గేటు కాడ
మిషన్ నా వేలును గుర్తుపట్టలే.
పెట్టిన. కొంగుకు తుడిచి మళ్ళ పెట్టిన.
ఎర్ర లైటే.
నా ఎనుక లైన్ల ఇంకో పందొమ్మిది వేళ్ళు,
అన్నిటికీ ఎర్ర లైటే.
సూపర్‌వైజర్ బయటికొచ్చి
"ఆర్డర్లు లేవమ్మా" అన్నడు,
చాయ్ అయిపోయింది అన్నంత మెల్లగ.

నాలుగేండ్లు అంగీల దారాలు కత్తిరించిన వేలు ఇది.
గీతలు అరిగి
బియ్యపు గింజ లెక్క నున్నగైంది.
అందుకే ఆనలేదేమో అని
ఆటోల ఇంటికొచ్చేటప్పుడు
కొంచెంసేపు వేలునే తిట్టుకున్న.

చార్‌బౌళిల మా అర్రకు కిరాయి
మూడు వేల రెండొందలు.
ఓనరమ్మ మహ్మూదా బీ అడగదు.
అయిదో తారీఖు నాడు మెట్ల మీద కూసోని
ఎల్లిగడ్డ పొట్టు తీస్తది, అంతే.
ఆరో తారీఖు కూడ అక్కడనే కూసుంటది.
అడిగెటోళ్ళ బాకీ కన్నా
అడగనోళ్ళ బాకీ బరువు.

ఒకప్పుడు మాకు కిరాయి సాయం వచ్చేది.
ఎనుమాములల మిర్చి బస్తా మీద పడి
మా ఆయన నడుం ఇరిగిన యేడు.
మిల్లుల కొలువు దొరికిన నాడు నేనే పోయిన,
సారూ, ఇగ నాకొద్దు, లేనోళ్ళకియ్యుండ్రి అని.
ఆ సారు నవ్వి ఒక్క మీట నొక్కిండు.
నేను మెట్లు దిగేలోపల ఆగిపోయింది.

గా మీట మళ్ళ నొక్కుమని
ఇది నాలుగో సోమారం.
టోకెన్ నూట పదిహేడు.
కిటికీ కాడి పిల్లగాడు వేలు పెట్టుమన్నడు.
భయంభయంగ పెట్టిన.
పచ్చ లైటు!
ఇక్కడి మిషన్ నన్ను గుర్తుపట్టింది.
"జన్ను కోమల. మిల్లుల పని చేస్తున్నరు.
జీతం తొమ్మిది వేల ఎనిమిదొందలు.
సాయం రాదు."

లేదు బిడ్డా, తీసేసిండ్రు.
"తీసేసినట్టు కాయితం?"
మిల్లు గేటుకు తాళమేసి ఉంది,
తాళం రాసిస్తదా కాయితం?
"అయితే పీఎఫ్‌ల తారీఖు ఎక్కాలె.
దానికి రెండు నెలలు ఆగాలె."
రెండు నెలలు ఖాళీ గిన్నెతోని ఉంటే గానీ
ఖాళీగున్నట్టు నమ్మరన్నట్టు.

రాత్రి నిద్రల్లేదు. ఆమె గురించే ఆలోచన.
గా కంప్యూటర్ల ఉన్న జన్ను కోమల.
ఏడింటికే టిఫిన్ కట్టుకోని పోతదామె.
ఆమె మిల్లుకు తాళం లేదు.
ఆమె వేలికి ఇంకా గీతలున్నయి.
అయిదో తారీఖు నాడు
గాజులు గలగలమనంగ మెట్లెక్కుతది.
అక్కా, ఒక్క నెల జీతం బదులియ్యవా?
నీ పేరు మీదనే నోటు రాసిస్త.

మీసేవల అజ్మీర తిరుపతి
నా అర్జీ టైపు కొట్టుకుంట కొట్టుకుంట ఆగి,
"అక్కా, మిగిలిన పందొమ్మిది మంది ఏడున్నరు?" అన్నడు.
గంతే అన్నడు. పది రూపాయలు కూడ తీసుకోలే.

ఐదో సోమారం ఇరవై మందిమి పోయినం.
ఒక్కొక్క వేలూ పెడుతుంటే
పచ్చ, పచ్చ, పచ్చ.
ఇరవై మందీ మిల్లులనే ఉన్నరు.
ఇరవై మందీ కిటికీ ముంగటున్నరు.
పిల్లగాడు కుర్చీలకెళ్ళి లేచి
మ్యాడమ్‌ను పిలుసుకొచ్చిండు.
ఆమె తెరను చూసింది. మమ్ముల చూసింది.
మళ్ళ తెరను చూసింది.

బుధారం ఒకాయన స్కూటీ మీదొచ్చి
గేటు తాళాన్ని ఫోటో తీసిండు.
దగ్గరికి పోయి ఒకటి, దూరం జరిగి ఒకటి,
పెండ్లిపిల్లను తీసినట్టు.
గదే కాయితమట.

మెసేజ్ ఇంకా రాలే.
ఇయ్యాల అయిదో తారీఖు.
మహ్మూదా బీ మెట్టు మీద కొంచెం జరిగి
ఎల్లిగడ్డల చాట నా దిక్కు నూకింది.
ఇద్దరం మాట్లాడలే.
గీతల్లేని వేలుతోని పొట్టు తీస్తున్న.
సుర్రున మండుతున్నది.
వేలు నాదే.