ఆరింటి రొద

తలుపు తీసేసరికి హాల్ముందుర్.
టోపీ మీద మంచు, చంకలో బ్యాటరీ రేడియో,
రేడియో లోపల జోరీగల గుంపు.
"నీ ఇంట్లోంచే," అన్నాడు. తిడుతున్నట్టు కాదు,
తప్పిపోయిన గొర్రె మీ దొడ్లో కనబడిందన్నట్టు.

నాలుగు రాత్రులు ఊరంతా తిరిగాడట.
చేపల గోదాం దగ్గర సన్నగా,
చర్చి మలుపులో అసలు లేకుండా,
మా మెట్ల దగ్గర మాత్రం
మనిషి మాటను నిలువునా మింగేసేంతగా.

దాచడానికేముంది, కిందికి తీసుకెళ్ళాను.
సెల్లార్‌లో పద్దెనిమిది టొమాటో మొక్కలు,
ఒక వరస సోయకూర,
నెత్తిన రెండు సోడియం దీపాలు.
నవంబరు ఆఖర్లో కొండ వెనక్కి పోయిన సూర్యుడు
జనవరి చివరికి గానీ ఈ ఐస్లాండ్ రేవు మొహం చూడడు.
పగలంతా కాడ్ చేపల ముళ్ళు తీసి
కొయ్యబారిన వేళ్ళతో ఇంటికొచ్చి
ఆరింటికి నా సూర్యుణ్ణి నేనే వెలిగించుకుంటాను.

ఆయన సూర్యుడి వైపు చూడనే లేదు.
దీపానికీ గోడకీ మధ్య ఇటుకంత పెట్టె,
బల్లాస్ట్,
అప్పుడే పొయ్యి దించిన గిన్నెలా కాలుతూ.
రేడియోని పసిబిడ్డలా ఎత్తుకుని
దాని పక్కకు తీసుకెళ్ళాడు.
గుక్కపట్టింది.

"ఇదే. ఏడింటికి యాకుప్ పిలుస్తాడు
ఫారో దీవుల నుంచి. ముప్పై ఒక్క ఏళ్ళుగా.
అతని సెట్టు బలహీనం, ఈమధ్య గొంతూ అంతే.
అక్టోబరు నుంచి నాకు వినిపించేది
నీ టొమాటోలే, లుద్వికా."
నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.
మెట్లెక్కుతూ, వెనక్కి తిరక్కుండా, కాస్త నవ్వాడు.

ఆదివారం బూట్ల పెట్టె ఒకటి తెచ్చాడు.
నిండా నల్లటి ఫెర్రైట్ కడియాలు,
కొన్ని చచ్చిపోయిన టీవీల కడుపుల్లోంచి తీసినవి.
తీగను ఒక్కో దాంట్లోంచి ఏడేసి చుట్లు.
ఆయన చుట్టాడు, నేను లెక్కపెట్టాను.
ఐదో చుట్టు దగ్గర నేను పోలిష్‌లోకి జారిపోయాను,
ఆరోది ఆయన తన భాషలో అందుకున్నాడు.
ఇంత పొడుగు తీగెందుకు,
అదే ఏరియల్ అయి కూర్చుంటుంది, అని
మూడు మీటర్లని ముప్పావు మీటరు చేశాడు.

ఎర్త్ వైరు ఊడి వేలాడుతోంది.
దాన్ని చూసి మాత్రం కేకలేశాడు.
నీళ్ళూ కరెంటూ ఒకే గదిలో పెట్టుకుని
ఇలాగేనా వదిలేసేది!
నన్నెవరైనా అలా కోప్పడి
ఎన్నేళ్ళయిందో లెక్క తెగలేదు.

జోరీగలు తగ్గాయి. పోలేదు.
గుంపు వెళ్ళిపోయి ఒకటి మిగిలినట్టు.
అదెక్కడ దాక్కుందో ఇద్దరికీ అంతుపట్టలేదు.
సరే, ఏడు నుంచి ఏడున్నర దాకా చీకటి అన్నాను.
మొక్కలు అరగంట కునుకు తీస్తే కొంప మునగదు.
పైగా ఈ దీపాల సంగతి నాకు తెలుసు.
ఒకసారి ఆర్పితే బతిమాలినా వెంటనే వెలగవు,
అలిగిన మనిషిలా చల్లారాకే ముఖం చూపిస్తాయి.

డిసెంబరులో మొదటి కాయ పండింది, నిమ్మకాయంత.
దీపాలార్పి, దాన్ని జేబులో వేసుకుని
ఆయన వంటింటికి వెళ్ళాను.
ఉప్పు రాసుకుని చెరిసగం తింటుంటే
యాకుప్ వచ్చాడు,
ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చినట్టు.
నాకు సగమే అర్థమైంది.
మోకాలు, గాలి, ఎండుగడ్డి ధర, మళ్ళీ గాలి.
ఇందుకా ఈ ముసలాయన మంచులో నాలుగు రాత్రులు తిరిగింది!

ఇంతలో అవతలి గొంతు చిరాకు పడింది.
మంగళవారం నుంచి తన చెవిలో ఏదో రొదట,
పక్కింటికి ఎవరో కొత్తవాళ్ళొచ్చారట,
వాళ్ళ కిటికీ రాత్రంతా ఊదారంగులో వెలుగుతోందట.

హాల్ముందుర్ నా వైపు చూశాడు.
నేను లేచి, బల్ల కిందున్న బూట్ల పెట్టె లాగి,
మిగిలిన కడియాలు లెక్కపెట్టాను.
నాలుగు.
తపాలా ఆఫీసు
సోమవారం తొమ్మిదింటికి తెరుస్తారు.