వంతెన దగ్గర అడిగే ప్రశ్న

ముప్పై ఒక్క ఏళ్లు
ఈ నది మీది వంతెన దగ్గర నిలబడి
వచ్చిన ప్రతి కారునీ ఒకటే అడిగాను:
"మీ వెంట ఏం తెస్తున్నారు?"
అటు కెనడా, ఇటు మెయిన్.
కింద, ఏ దేశానివో పట్టని నీళ్లు.

రిటైరయ్యాక, మంగళవారాలు
లైబ్రరీలో హీటరు పక్క బల్ల నాది.
కాలేజీ దరఖాస్తు వ్యాసాలు పట్టుకుని
పిల్లలు వస్తారు.
నా వ్యాకరణం అంతంత మాత్రమే,
దాచిన సరుకుని మాత్రం వాసన పడతాను.

కోలెట్ మిషో తెచ్చిన కాగితం
ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది.
"బంగాళాదుంప నాకు నాయకత్వం నేర్పింది"
అని మొదటి వాక్యం.
కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.
దుంప ఎవరికీ ఏమీ నేర్పదమ్మా,
తన మానాన తను మట్టిలో ఊరుతుంది.

ఆరువందల యాభై మాటలు పట్టే సంచీ.
అందులో "సవాలు" ఆరుసార్లు, "అభిరుచి" నాలుగు,
ఎవరో పెద్దమనిషి సూక్తి ఒకటి.
అన్నీ పైన కప్పిన దుప్పట్లు.
దుప్పటి మరీ నీటుగా మడిచి ఉందంటే
కింద ఏదో ఉన్నట్టే.

"డిక్కీ తెరువు" అన్నాను.
నవ్వింది. తర్వాత నీళ్లు నమిలింది.
హీటరు రెండుసార్లు దగ్గింది.

కోత సెలవుల్లో మూడు వారాలు
చీకటితోనే లేచి
దుంపల యంత్రం మీద, పాకే బెల్టు ముందు
రాళ్లు ఏరి పారేయడం తన పని.
అది రాసింది.
రాయనిదేమంటే
ఆ రాళ్లని లోలోపల లెక్కపెడుతుందట,
ఫ్రెంచిలో.

వాళ్ల అమ్మమ్మ చిన్నప్పుడు
బడిలో ఆ భాష మాట్లాడినందుకు
"ఇక మాట్లాడను" అని ఇంగ్లీషులో
నల్లబల్ల నిండా రాసిందట.
అందుకే కూతురికి నేర్పలేదు.
మనవరాలు పక్కన నిలబడి
కోడిగుడ్లు కడుగుతుంటే మాత్రం
అంకెలు వాటంతటవే నోరు జారేవి.
అరవై గుడ్లకి రెండు ట్రేలు నిండేవి,
లెక్క అక్కడితో ఆగేది.

"అరవై తర్వాత?"
"మళ్లీ ఒకటి నుంచి."

"ఇది రాయి" అన్నాను.
"ఇందులో నేనేం గెలిచానని?"
జవాబు తోచలేదు.
గెలిచినవాళ్లు వంతెన దగ్గర
హారన్ కొట్టేవాళ్లు, అంతవరకే గుర్తు.

పై మంగళవారానికి రాసుకొచ్చింది.
రెట్ట వాసన, గోరువెచ్చని నీళ్లు,
అమ్మమ్మ వేలికి ఉంగరం చేసిన గాడి.
వాసన గురించిన వాక్యం నేను కొట్టేశాను.
తను మళ్లీ రాసింది.
తనదే రైటు.

చివరి పేరా దగ్గర నా పెన్సిలు ఆగింది:
"ఇప్పుడు నాకు వంద వరకూ వచ్చు."
"వచ్చా?"
తల వంచుకుంది.
"సీటొచ్చేలోపు నేర్చుకుంటాలెండి."
రాళ్లు ఏరే పిల్లవి, నీకు నేను చెప్పాలా?
బెల్టు మీద అదొక్కటే మిగిలింది,
తీసేయ్.

తీసేసింది.
ఇప్పుడా వ్యాసం అరవై దగ్గర
ఎక్కాల్సిన మెట్టు లేని నిచ్చెనలా నిలబడింది.
నాకు భయమేసింది కూడా,
ఆ బాస్టన్ బాబులకి ఇది ఆనుతుందా అని.

గడువు ఆఖరి రాత్రి.
ఇంట్లో నెట్ అందక
లైబ్రరీ గోడవార ట్రక్కు ఆపుకుని
ఒళ్లో లాప్‌టాప్ వెలుగుతో కూర్చుంది.
మంచు పారతో తోస్తున్నాను నేను.
అద్దం దించింది.
"పంపేశాను, మిస్టర్ డేగల్.
ఇప్పుడు చెప్పండి,
అరవై ఒకటిని ఏమంటారు?"

ముప్పై ఒక్క ఏళ్లలో
కారు కిటికీలోంచి ఎవరైనా నన్ను
దారి కాక ఇంకోటి అడగడం అదే మొదలు.
పార గోడకి ఆనించి, చెప్పాను.
అరవై ఒకటి, అరవై రెండు,
నోట్లోంచి పొగలు పొగలుగా.
డెబ్బై దగ్గర
ఇద్దరం తడబడ్డాం.