నోరూరితేనే

నేను పళ్ళు కట్టే మనిషిని.
సిలాయ్ సంత వెనక, చేపల బుట్టల పక్కన
ఒక బల్ల, ఒక స్పిరిట్ దీపం, కాస్త గులాబీ మైనం.
పేరు తెయోఫిలా.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ నెగ్రోస్ దీవి
నా ముందు నోరు తెరుస్తూనే ఉంది.

మా వైపంతా చెరకే.
పళ్ళు పుచ్చితే నేరం చక్కెర మీదికి తోసేయడం తేలిక.
రొదేలియో కూడా అదే అన్నాడు:
"గానుగల రోజులు కదా మనాంగ్,
బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుని లారీ నడిపేవాణ్ణి."

అచ్చు తీశాను.
సుద్ద అచ్చుకి అబద్ధమాడటం రాదు.
చక్కెర తిన్న నోరు దవడపళ్ళ గుంటల్లో పుచ్చడం మొదలెడుతుంది.
ఇతనివి ముందుపళ్ళు,
చిగురంచున నల్లబడి, కరిగి, మొదళ్ళే మిగిలాయి.
మిగతావి నూరీ నూరీ బల్లపరుపు.
తిండి లేని రాత్రుల్లో
పళ్ళు పళ్ళనే తిన్నాయి.

వయసు ఇరవై తొమ్మిది.

"షాబూ ఎన్నేళ్ళు?" అన్నాను
మైనం వేడిచేస్తూ, తలెత్తకుండా.
పక్కన చేపలామె
రొయ్యలు తూచి పొట్లం కట్టేంతసేపు మాట్లాడలేదు.
తర్వాత ఆగలేదు.

మిల్లు గేటు ముందు రెండు రాత్రుల వరస.
కునుకు తీస్తే వెనకవాడు ముందుకొస్తాడు.
ఎవరో రేకు మీద పలుకు పెట్టి కింద లైటర్ వెలిగించారు.
"అచ్చం చక్కెరే మనాంగ్,
చీమ పట్టదు, అంతే తేడా."
ఆ రాత్రి లైట్ల వెలుగులో
ఒక్కో చెరకాకూ విడివిడిగా కనిపించిందట.

నాలుగో ఏడు
ఆ ఆకుల సందుల్లోంచి మనుషులు
అతని పేరు గుసగుసలాడారు.
చీమ పట్టని పలుకు తిన్న ఒంట్లో
చర్మం కింద చీమలు బారులు తీరాయి.
గోళ్ళతో తవ్వాడు.
మోచేతి నుంచి మణికట్టు దాకా
ఇంకా పూడని గుంటలు.

బకోలోద్‌లో డాక్టరమ్మ
గుండెని తెర మీద చూపించిందట.
"సాగిపోయిన సంచిలా ఉంది.
పిండుకోవడం మర్చిపోయింది."
నా గదికున్న ఆరు మెట్లూ
మధ్యలో ఒకసారి కూర్చుని ఎక్కాడు.

మానేసి ఏడు నెలలట.
పంటి బిగువున గడిపానన్నాడు.
బిగించడానికి పళ్ళేవీ?
ఇద్దరం నవ్వాం. అతను అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

కూతురు జెరలిన్‌కి ఆరేళ్ళు, ముందుపన్ను ఊగుతోంది.
ఊడగానే ఇంటి కప్పు మీదికి విసిరి
ఎలుకని కొత్తది అడుగుతుందట.
"నువ్వు నీవి విసరలేదా నాన్నా?"
ఈసారి ఎవరం నవ్వలేదు.

కట్టుడు పళ్ళకి ఒక మొండితనం ఉంది.
తడి లేని నోట్లో నిలవవు.
అంగిలికీ వాటికీ మధ్య
పల్చటి ఉమ్మి పొర, అదే జిగురు.
ఆ పొగ ముందుగా ఎండగట్టేది దాన్నే.

ఇవాళ పైవరస బిగించాను.
లైసెన్సు ఫొటోలో ఉన్నట్టే
ఒక పన్ను కొంచెం వంకరగా, అతను అడిగినట్టే.
"నోరు మూసి మింగు."
జారి బల్ల మీద పడ్డాయి.

ఏడు నెలలా? ఏడు రోజులా?
గుండె మాత్రలు కూడా నోరెండగడతాయి, నాకు తెలుసు.
అడగలేదు.
చేపలామె దగ్గర పచ్చి మామిడి ముక్క తెచ్చి
ఎర్రటి రొయ్యల ముద్ద రాసి
అతని ముక్కు కింద పెట్టాను.
తినొద్దు. ఊరికే చూడు.

ముందు జెరలిన్ లొట్టలేసింది, ఒక కన్ను మూసుకుని.
అతని గొంతు కదిలింది.
కాసేపాగి మళ్ళీ.

"తెరువు" అన్నాను,
పళ్ళవరస నీళ్ళలో ముంచి తీస్తూ.