పురుగుల లెక్క

నెలలో మొదటి శనివారం
నాంట్ గ్లాస్ ఏటి మీది పలకరాయి వంతెన కింద
మోకాలి లోతు నీళ్ళలో నిలబడతాం.
వేల్స్‌లో ఏప్రిల్ నీళ్ళు
రబ్బరు బూట్లను లెక్కచెయ్యవు,
నేరుగా ఎముకల్నే పలకరిస్తాయి.

మెయిరియన్ వాచీ చూసి "ఊఁ" అంటాడు.
నేను మడమతో రాళ్ళు కెలుకుతాను
సరిగ్గా మూడు నిమిషాలు.
లేచిన బురదంతా వలలోకి,
వలలోది తెల్లటి ట్రేలోకి.

మొదట ఏమీ కనపడదు.
ఆకు ఈనెలు, ఇసుక, చెత్త.
కాసేపటికి
చెత్త నడవడం మొదలెడుతుంది.

మూడు తోకలుంటే మేఫ్లై పిల్ల.
రెండే ఉంటే రాతి ఈగది.
ఇసుక రేణువులు ఒక్కొక్కటే అతికించుకుని
ఒంటి చుట్టూ గొట్టమిల్లు కట్టుకున్నది కాడిస్.
దాన్ని చెంచాతో ఎత్తినప్పుడల్లా
ఎవరి గుమ్మమో పెకలించినట్టుంటుంది నాకు.

నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మెయిరియన్
పురుగుల్నీ చిరునామాల వారీగానే విడదీస్తాడు,
ఐసుముక్కల ట్రే గళ్ళల్లోకి.
"ఈవిడ వేగపు నీటి మనిషి.
ఈయన కాపురం రాతి అడుగున."

జీతం లేదు.
ఎలెరి ఫ్లాస్కులో తెచ్చే టీ ఉంటుంది,
చేతులు వణకడం వల్ల సగం ఏటికే పోతుంది.
గాలాలతో వచ్చేవాళ్ళు వంతెన మీంచి అడుగుతారు
ఏమైనా పడ్డాయా అని.
"నూట నలభై రెండు" అంటాం.
వాళ్ళ ముఖాలు చూడాలి!

అది ఏప్రిల్ లెక్క.
జూన్‌లో నూట పది.
ఆగస్టులో తొమ్మిది.

ఎలెరి మూడుసార్లు లెక్కపెట్టింది.
మూడుసార్లూ తొమ్మిదే.

వలా ట్రే మోసుకుంటూ ఏటికి ఎదురు నడిచాం.
గొర్రెలు దాటే చోట పదకొండు.
చర్చి వెనకాల ఏడు.
ఆల్డర్ చెట్లు దాటాక
నూట ముప్పై, గిలగిల్లాడుతూ.

ఏడుకీ నూట ముప్పైకీ మధ్య
ఉన్నది ఒక్కటే పొలం.
దాని గేటుకి ఆకుపచ్చ రంగు వేసింది నేనే,
నా పదిహేనో ఏట.

తమ్ముడు గెథిన్ డెయిరీ.
పేడనీళ్ళ తొట్టికి ఒక నెర్రె,
నెర్రె నుంచి తూముకి, తూము నుంచి ఏటికి
బెత్తెడు వెడల్పున నల్లటి దారి.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
మా ఏట్లో నిజం పురుగులకి తెలుసు.
దేవుడికి ఆదివారం దాకా తీరదు.

ఎవరూ నావైపు చూడలేదు.
"చీకటి పడుతోంది, రేపు రాద్దాం"
అన్నాడు మెయిరియన్. నాలుగున్నరే అయింది.
మంచివాడు.
నేను ఎలెరి చెవి మీది పెన్సిలు తీసుకున్నాను.
ఏడు అని రాశాను.
ఆఖరి పేజీలో నదుల ఆఫీసు నంబరు ఉంది,
అది నా ఫోన్ నుంచే కలిపాను.

"పాలు లీటరెంతో తెలుసా నీకు?"
గెథిన్ నన్నడిగింది అదొక్కటే.
తెలుసు. ఆ పాలతోనే పెరిగాను.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్నది
కాళ్ళ మీద పడ్డాకే అర్థమైంది.
క్రిస్మస్‌కి మరదలు ఒల్వెన్ కార్డు పంపింది,
లోపల ఎవరి పేరూ లేదు.

మళ్ళీ ఏప్రిల్.
కొత్త సిమెంటు తొట్టి కట్టారని
పాలవ్యాను నడిపే కుర్రాడు చెప్పాడు.
వంతెన మీద ట్రాక్టరు ఆగింది.
తల ఎత్తలేదు నేను. ఆ ఇంజన్ దగ్గు నాకు తెలుసు.

"ఎన్ని?"
ఏటినే అడుగుతున్నట్టు అడిగాడు.
"అరవై ఒకటి."

అతను ఇంజన్ ఆపలేదు.
వెళ్ళనూ లేదు.

ఎలెరి ట్రేని నీళ్ళకు ఆనించి వంచుతోంది,
లెక్కైపోయిన వాళ్ళని
ఎక్కడివాళ్ళని అక్కడ దింపేస్తూ.